వైరల్ న్యుమోనియా తగ్గాక కూడా ఆయాసం పోవట్లేదా? ఇంట్లో కొలతల నుంచి పీఎఫ్‌టీ (ఊపిరితిత్తుల పనితీరు పరీక్ష) దాకా వరుసగా ఏం చెయ్యాలి

"ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చి నెల దాటింది, ఆక్సిమీటర్ వేలికి పెడితే ఆక్సిజన్ 97 చూపిస్తోంది, మరి నుయ్యి దాకా వెళ్లొస్తే ఎందుకింత ఆయాసం?" దక్షిణ ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు నుంచి ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. కోవిడ్ కావచ్చు, స్వైన్ ఫ్లూ కావచ్చు, వేరే వైరస్ వల్ల వచ్చిన న్యుమోనియా కావచ్చు, ఆక్సిజన్ పెట్టేదాకా వెళ్లి బయటపడ్డవాళ్లకు చెయ్యాల్సిన పనుల వరుస దాదాపు ఒకటే.

కూర్చున్నప్పుడు వచ్చే అంకె సగం సంగతే చెప్తుంది. నడిచాక అది ఎంత పడుతోంది, మళ్లీ ఎంతసేపటికి లేస్తోంది అన్నది చూడాలి. చాలామంది ఈ నడక తర్వాతి అంకె చూడకుండా సీటీ స్కాన్ల వెంట పడుతున్నారు.

ఇంట్లో ఆక్సిజన్ వాడుతున్నవాళ్లు, గుండె జబ్బున్నవాళ్లు, గర్భిణులు 4వ అంశం నుంచి చెప్పినవి డాక్టర్ని అడగకుండా మొదలుపెట్టొద్దు.

1. ముందు ఇది చూడండి: ఇంట్లో ఉండకూడని లక్షణాలు

కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా వ్యాయామాలు పక్కన పెట్టి 108కి ఫోన్ చెయ్యండి. ఆ నంబరు ఒడిశాలోనూ ఆంధ్రాలోనూ పనిచేస్తుంది.

- కూర్చుని ఉండగానే ఆక్సిజన్ 92 లేదా అంతకంటే తక్కువ, రెండుసార్లు చూసినా అంతే
- ఉన్నట్టుండి పెరిగిన ఆయాసం, ఊపిరి పీలిస్తే ఒక పక్క గుచ్చినట్టు నొప్పి
- ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పుట్టడం
- దగ్గులో రక్తం
- పెదాలు నీలంగా మారడం, మాట తడబడటం, మత్తుగా ఉండటం, స్పృహ తప్పడం

కాలి వాపు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పెద్ద జబ్బు చేసి మంచాన పడ్డవాళ్లకు కాలి సిరల్లో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంటుంది. దీన్ని నరం పట్టిందనుకుని నూనె రాసి గట్టిగా పిసుకుతారు. అస్సలు చెయ్యొద్దు.

93, 94 మధ్య ఆగిపోతుంటే అదే రోజు డాక్టర్‌కి చెప్పండి. ముందు నుంచీ సీఓపీడీ (గాలి గొట్టాలు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు) ఉన్నవాళ్లకు ఈ అంకెలు వర్తించవు, వాళ్ల హద్దు ఎంతో వాళ్ల డాక్టర్నే అడగాలి.

2. సిద్ధం చేసుకోవాల్సినవి

- బ్యాటరీ బాగున్న పల్స్ ఆక్సిమీటర్
- చేతులు లేని గట్టి కుర్చీ (ప్లాస్టిక్‌దైతే గోడకు ఆనించాలి)
- సెకన్లు చూపించే గడియారం లేదా ఫోన్
- ఒక నోటు పుస్తకం
- ఒక ఫైలు: డిశ్చార్జ్ సమ్మరీ, ఎక్స్‌రేలు, సీటీ ఫిల్ములు, వాడిన మందుల చీటీలు, అన్నీ తేదీల వరుసలో

ఫైలు ఎందుకంటే, మన దగ్గర ఒకే పేషెంటు మొదట ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర, తర్వాత జిల్లా ఆస్పత్రిలో, చివరికి విశాఖలో చూపించుకుంటాడు, ఎవరి చీటీ వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. మొదటి ఎక్స్‌రే లేకపోతే మూడు నెలల తర్వాత తీసినదాన్ని దేంతో పోల్చాలి?

స్టెరాయిడ్ ఎన్ని రోజులు, ఎంత మోతాదులో వాడారో ఆ ఫైల్లో తప్పకుండా ఉండాలి. ఇంకా వాడుతున్నవాళ్లు సొంతంగా ఆపేయొద్దు, సొంతంగా కొని పొడిగించొద్దు.

3. ఆక్సిమీటర్ సరిగ్గా పెట్టడం

అయిదు నిమిషాలు కూర్చోండి. మాట్లాడకండి. చెయ్యి గుండెకు దగ్గరగా బల్ల మీదో ఒళ్లోనో ఆనించి, చూపుడు వేలికో మధ్య వేలికో పెట్టి పూర్తి నిమిషం ఆగండి. అంకె నిలకడగా ఉన్నాకే రాసుకోవాలి. పెట్టగానే వచ్చే మొదటి అంకె లెక్కలోకి రాదు.

తప్పు ఎక్కడ వస్తుందంటే:

- చలికాలం పొద్దున్నే కోరాపుట్ లాంటి చోట చేతులు మంచులా ఉంటాయి, అంకె 88 చూపిస్తుంది, ఇంట్లో అందరికీ టెన్షన్. అరచేతులు రుద్దుకుని, వెచ్చబడ్డాక మళ్లీ చూడండి.
- గోళ్ల రంగు, ముదురు గోరింటాకు ఉన్న వేలు వద్దు.
- ఒంటి రంగు బాగా నలుపైతే మిషన్ అసలు కంటే కాస్త ఎక్కువ చూపించే అవకాశం ఉంది. మనిషి అవస్థ పడుతుంటే 95 వచ్చింది కదా అని ఊరుకోవద్దు.
- గంటకోసారి చూడటం మానండి. పొద్దున, సాయంత్రం, నడిచాక చాలు.

4. నడిచాక ఎంత పడుతోంది?

కూర్చున్నప్పుడు 96 లేదా పైన ఉంటేనే ఇది ఇంట్లో చెయ్యాలి. పక్కన ఒక మనిషి ఉండాలి. ఆక్సిమీటర్ వేలికే ఉంచి, చదును నేల మీద మామూలుగా 40 అడుగులు వెయ్యండి. ఆగాక కూడా ఇంకో నిమిషం అంకె చూస్తూ ఉండండి, ఎందుకంటే చాలామందికి అసలు పడిపోవడం ఆగిన తర్వాతే కనబడుతుంది, అప్పటికే మిషన్ తీసి డబ్బాలో పెట్టేస్తారు.

3 పాయింట్లు లేదా అంతకంటే ఎక్కువ పడితే, అంటే 97 కాస్తా 94కి వస్తే, డాక్టర్‌కి ఆ మాట చెప్పి తీరాలి. ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి ఆక్సిజన్ దాటే చోట ఇంకా ఇబ్బంది ఉండొచ్చని అర్థం.

40 అడుగులు ఇబ్బంది లేకుండా అయితే, ఇంకో రోజు కుర్చీ పరీక్ష. చేతులు ఊతం పట్టకుండా ఒక నిమిషంలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో లెక్కపెట్టాలి. కళ్లు తిరిగినా, గుండెలో నొప్పి వచ్చినా, 90 కంటే తగ్గినా అక్కడే ఆపండి.

పుస్తకంలో ప్రతిసారీ ఇవి రాయండి:

- తేదీ, సమయం
- ముందు ఆక్సిజన్, నాడి. తర్వాత తగ్గిన కనీస అంకె
- మళ్లీ మొదటి అంకెకు రావడానికి పట్టిన సమయం
- ఆయాసం 0 నుంచి 10లో ఎంత (0 అసలు లేదు, 10 భరించలేనిది)
- ఏ పని ఆపాల్సి వచ్చింది: స్నానమా, మెట్లా, బిందె మోయడమా

వారానికోసారి చేస్తే చాలు. రోజూ చేస్తే అలసట తప్ప కొత్తగా తెలిసేది లేదు.

5. ఆయాసం వచ్చినప్పుడు ఊపిరి ఆడించుకోవడం

ముందు కూర్చునే తీరు. కుర్చీలో ముందుకు వంగి మోచేతులు తొడల మీద ఆనించండి. నిలబడి ఉంటే గోడకు వీపు ఆనించండి, లేదా గడప పక్కన చెయ్యి ఆనించి ముందుకు వాలండి. భుజాలు వదులుగా ఉండాలి.

తర్వాత ముక్కుతో మెల్లగా పీల్చి, పెదాలు ఈల వేసేటట్టు పెట్టి, పీల్చినదానికి రెట్టింపు సమయం తీసుకుని వదలండి. లోపలికి రెండు అంకెలు, బయటికి నాలుగు. బలంగా ఊదక్కర్లేదు.

ఆయాసం తగ్గాక పొట్టతో ఊపిరి: ఒక చెయ్యి ఛాతీ మీద, ఒకటి పొట్ట మీద పెట్టి, పీల్చినప్పుడు పొట్ట మీద చెయ్యి మాత్రమే లేచేలా అయిదు నిమిషాలు, రోజుకు రెండు మూడు సార్లు. మొదట్లో పడుకుని చేస్తే తేలిక.

పని చేసేటప్పుడు కష్టం వచ్చే క్షణంలో ఊపిరి వదలాలి. బకెట్ ఎత్తేటప్పుడు, మెట్టు ఎక్కేటప్పుడు, కింద కూర్చుని లేచేటప్పుడు ఊపిరి బిగబట్టడం అందరికీ అలవాటు, ఆయాసం సగం దాని వల్లే.

మూడు బంతుల మిషన్ సంగతి

ఆస్పత్రిలో చేతికిచ్చి పంపే ఈ మిషన్‌ని ఎక్కువమంది ఊదుతారు. ఊదేది కాదు, పీల్చేది. కొబ్బరి బొండాంలో గొట్టం పెట్టి లాగినట్టు మెల్లగా, ఎడతెగకుండా లాగాలి. మామూలు మిషన్లలో బంతుల మీద 600, 900, 1200 అని రాసి ఉంటుంది, అది సెకనుకు ఎన్ని సీసీల గాలి లాగుతున్నారో చెప్పే అంకె. ముందు ఒక్క బంతి లేచి రెండు మూడు సెకన్లు నిలబడాలి. మూడూ ఒక్కసారి ఎగరగొట్టి కింద పడేసే పోటీ ఇంట్లో పిల్లలకి వదిలేయండి.

విడతకు పది లోపు, మధ్యలో మామూలు ఊపిరి తీసుకుంటూ చెయ్యండి. కళ్లు తిరిగితే ఆపండి. నా ఉద్దేశంలో ఈ మిషన్‌కి మనం ఇస్తున్న విలువ ఎక్కువ, నడకకు ఇస్తున్న విలువ తక్కువ.

కపాలభాతి, భస్త్రిక లాంటి వేగంగా కొట్టే ప్రాణాయామాలు మొదటి నెలల్లో వద్దు. ఊపిరి బిగబట్టకుండా నెమ్మదిగా చేసే అనులోమ విలోమం పర్వాలేదు.

6. కఫం ఉంటే

మూడు నాలుగు మామూలు ఊపిర్లు, తర్వాత మూడు లోతైన ఊపిర్లు (ప్రతిదానికీ చివర మూడు సెకన్లు ఆగి), తర్వాత నోరు తెరిచి అద్దం మీద ఆవిరి పట్టించేటట్టు "హా" అని ఒకటి రెండు సార్లు గట్టిగా వదలడం. కఫం పైకి వచ్చాకే దగ్గండి. ఊరికే దగ్గితే గొంతు పుండవడమే మిగులుతుంది.

గోరువెచ్చని నీళ్లు చాలు. మరుగుతున్న గిన్నె మీద దుప్పటి కప్పుకుని కర్పూరం, బామ్ వేసి పీల్చడంలో కాలే ప్రమాదం ఉంది, ఘాటుకు కొందరికి ఊపిరి గొట్టాలు బిగుసుకుంటాయి కూడా. ఆయాసం వచ్చిన ప్రతిసారీ క్లినిక్‌లో "గ్యాస్ పెట్టించుకోవడం" మరో అలవాటు. నెబ్యులైజర్‌లో ఏ మందు వేస్తున్నారో అడిగి రాసుకోండి, గొట్టాలు బిగుసుకున్నప్పుడే దానితో లాభం, మచ్చలు పడిన ఊపిరితిత్తికి అది చేసేది తక్కువ.

7. నడక పెంచే వరుస

ఇక్కడే ఓపిక కావాలి.

- మొదట: చదును నేల మీద రెండు నిమిషాలు నడక, ఒక నిమిషం విశ్రాంతి, అలా మొత్తం అయిదారు నిమిషాలు, పూటకోసారి
- తర్వాత: మూడు నాలుగు రోజులకోసారి ఒకటి రెండు నిమిషాలు పెంచడం
- ఆ తర్వాత: ఆపకుండా 20 నుంచి 30 నిమిషాలు, వారంలో అయిదు రోజులు
- చివర్లో: మెట్లు, ఎత్తుపల్లాలు, బరువులు

ఎంత జోరుగా? ఆయాసం 10లో 3, 4 మధ్య ఉండాలి. ఒక పూర్తి వాక్యం మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. 90 కంటే తగ్గితే ఆగండి, రోజూ అలాగే తగ్గుతుంటే నడక ఆపి డాక్టర్ని కలవండి.

కోరాపుట్, రాయగడ కొండ ఊళ్లలో ఇంటి బయట అడుగు పెడితే ఎత్తే. అలాంటప్పుడు బడి మైదానమో, రైల్వే ప్లాట్‌ఫామో, ఇంటి వరండాలోనే అటూ ఇటూనో మేలు. జనవరి పొద్దున పొగమంచులో వద్దు, ఎండ వచ్చాక చూసుకోండి.

కాళ్ల బలం కూడా ముఖ్యం. మంచాన పడ్డ రోజుల్లో కండ కరిగిపోతుంది, స్టెరాయిడ్లు ఇంకా కరిగిస్తాయి, బలం లేని కాలు ఆక్సిజన్ ఎక్కువ అడుగుతుంది. రోజు విడిచి రోజు కుర్చీలోంచి లేచి కూర్చోవడం 8, 10 సార్లు, గోడను నెట్టడం అన్నిసార్లు, అర లీటరు నీళ్ల సీసాలు రెండు చేతులతో ఎత్తడం. ఇలా ఆరు నుంచి ఎనిమిది వారాలు.

ఒక హెచ్చరిక. నడిచిన రోజు బాగానే ఉండి, మర్నాడో ఎల్లుండో లేవలేనంత నీరసం, ఒళ్లు నొప్పులు వస్తుంటే ఈ పట్టిక మీకు కాదు. సగానికి తగ్గించండి, మధ్యలో విశ్రాంతి రోజులు పెట్టండి. "గట్టిగా చేస్తే పోతుందిలే" అనే చుట్టాల మాట వినొద్దు.

స్నానం స్టూలు మీద కూర్చుని చెయ్యండి. వంటైనా, కూరలు తరగడమైనా కూర్చునే. బరువు పనులు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి.

8. పొగ, తిండి

సిగరెట్, బీడీ, పిక్కా, చుట్ట, అన్నీ ఆపాలి. శ్రీకాకుళం తీరం నుంచి మన వైపు దాకా పెద్దవయసు ఆడవాళ్లలో అడ్డపొగ (చుట్ట వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని తాగడం) అలవాటు ఇంకా ఉంది, డాక్టర్ "స్మోకింగ్ ఉందా" అని అడిగితే ఇంట్లోవాళ్లు లేదనేస్తారు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

కట్టెల పొయ్యి దగ్గర కోలుకుంటున్న మనిషి కూర్చోకూడదు. దోమల కాయిల్, సాంబ్రాణి, చలిమంట, జీడిపిక్కలు కాల్చే బట్టీలు కూడా ఇదే లెక్క.

తిండిలో మాంసకృత్తులు పెంచాలి: కిలో బరువుకు రోజుకు గ్రాము, ఇంకొంచెం. 50 కిలోల మనిషికి 50 నుంచి 60 గ్రాములు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు ఉంటుంది. గుడ్లు, చేప, పప్పు, ఉలవలు, పెరుగు, వీటితో పాటు చోడి (రాగి) అంబలి. కిడ్నీ జబ్బుంటే ముందు అడగండి. కడుపు నిండా తింటే ఆయాసం పెరుగుతుంది కాబట్టి కొంచెం కొంచెంగా అయిదుసార్లు. స్టెరాయిడ్ వాడినవాళ్లు సుగర్ పరీక్ష చేయించాలి, ముందు లేకపోయినా సరే.

9. పరీక్షలు: ఏది, ఎప్పుడు

డిశ్చార్జ్ అయిన నాలుగు నుంచి ఆరు వారాల్లో ఒకసారి డాక్టర్ చూడాలి. పన్నెండు వారాలకు ఛాతీ ఎక్స్‌రే. అది బాగుండి ఆయాసం కూడా లేకపోతే సాధారణంగా అక్కడితో అయిపోతుంది. ఎక్స్‌రేలో మచ్చలున్నా, ఆయాసం తగ్గకపోయినా, నడిస్తే ఆక్సిజన్ పడుతున్నా అప్పుడు పీఎఫ్‌టీ, ఆరు నిమిషాల నడక పరీక్ష, అవసరమైతే సీటీ. పరిస్థితి దిగజారుతుంటే మాత్రం పన్నెండు వారాలు ఆగక్కర్లేదు.

25కి ఎంత అనే సీటీ స్కోరు మీద మనవాళ్లకు విపరీతమైన మోజు. అది జబ్బు జోరుగా ఉన్నప్పటి లెక్క. రెండు వారాలకోసారి స్కాన్ తీయించి స్కోరు చూసుకోవడం వల్ల డబ్బు పోతుంది, ఎక్స్‌రేతో పోలిస్తే ఎన్నో రెట్లు ఎక్కువ రేడియేషన్ పడుతుంది, మచ్చలు మాత్రం వాటి తీరికలో నెలల మీద తగ్గుతాయి.

పీఎఫ్‌టీకి వెళ్లేముందు

- రెండు గంటల ముందు నుంచి కడుపు నిండా తినొద్దు
- గంట ముందు నుంచి పొగ, వ్యాయామం వద్దు
- ఇన్‌హేలర్ ఎన్ని గంటల ముందు ఆపాలో డాక్టర్ని అడగండి
- నడుం దగ్గర, ఛాతీ దగ్గర బిగుతుగా లేని బట్టలు
- ఈ మధ్య గుండెపోటు, కంటి లేదా కడుపు ఆపరేషన్, దగ్గులో రక్తం, టీబీ అనుమానం ఉంటే ముందే చెప్పాలి
- ఇటీవలి హిమోగ్లోబిన్ రిపోర్టు

లోపల ఏం జరుగుతుందంటే, ముక్కుకు క్లిప్పు పెడతారు, నిండా పీల్చి ఒక్క దెబ్బన గట్టిగా ఊది, గాలి ఇక లేదనిపించినా ఆరు సెకన్ల దాకా ఊదుతూనే ఉండాలి. మూడుసార్లన్నా చేయిస్తారు. మధ్యలో దగ్గు వస్తే, సగంలో ఆపేస్తే ఆ ఊదుడు లెక్కలోకి రాదు. టెక్నీషియన్ ఒడియాలో గట్టిగా అరుస్తుంటే కోప్పడుతున్నాడనుకోకండి, ఊదించడానికి అందరి మీదా అలాగే అరుస్తారు. భాష అర్థం కాని పెద్దవాళ్లతో తెలిసిన మనిషి లోపలికి వెళ్లడం మంచిది.

రిపోర్టులో ఎఫ్‌వీసీ (నిండా పీల్చి మొత్తం ఊదిన గాలి) తగ్గితే ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకోవట్లేదని అనుమానిస్తారు. ఎఫ్‌ఈవీ1 (మొదటి సెకనులో ఊదిన గాలి), ఎఫ్‌వీసీల నిష్పత్తి తగ్గితే గొట్టాల్లో అడ్డంకి ఉంది, ఆస్తమా, సీఓపీడీ వైపు చూస్తారు. తీవ్రమైన వైరల్ న్యుమోనియా తర్వాత ఎక్కువగా దెబ్బతినేది మూడోది, డీఎల్‌సీఓ, అంటే గాలి తిత్తుల నుంచి రక్తంలోకి వాయువు ఎంత బాగా దాటుతోందన్న కొలత. స్పైరోమెట్రీ (పైన చెప్పిన ఊదే పరీక్ష) ఒక్కటే చేయించుకుని నార్మల్ అని వచ్చి, ఆయాసం మాత్రం అలాగే ఉన్నవాళ్లు ఈ మూడోది అడగాలి. ఇది అన్ని చోట్లా ఉండదు. బరంపురం ఎంకేసీజీ, కోరాపుట్ మెడికల్ కాలేజీ, విశాఖ కేజీహెచ్, ఎక్కడికి వెళ్లాలనుకున్నా ముందు ఫోన్ చేసి మిషన్ ఉందా, ఏ రోజు చేస్తారు అని కనుక్కున్నాకే బయల్దేరండి.

హిమోగ్లోబిన్ రిపోర్టు ఎందుకు అడిగానంటే, రక్తం తక్కువగా ఉంటే ఊపిరితిత్తి బాగున్నా డీఎల్‌సీఓ తక్కువే వస్తుంది. దాన్ని బట్టి సరిచేసి చదవాలి.

చాలామందికి మూడు నెలలకు తక్కువగా ఉన్న అంకెలు ఆరు నెలలకు, ఏడాదికి మెరుగవుతాయి. పెరగకుండా ఆగిపోయినా, తగ్గుతున్నా పల్మనాలజిస్ట్ (ఊపిరితిత్తుల డాక్టర్) దగ్గరే ఉండాలి, ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తి మచ్చకట్టి గట్టిపడటం) మందులు అవసరమా లేదా అన్నది అక్కడ తేలాలి, మందుల షాపులో కాదు.

10. అన్నీ వైరస్ మీదికి తొయ్యొద్దు

దక్షిణ ఒడిశాలో ఈ అంశం ఇంకా ముఖ్యం.

టీబీ: రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం. స్టెరాయిడ్ల తర్వాత నిద్రపోతున్న టీబీ లేవొచ్చు. ప్రభుత్వ ఆస్పత్రిలో కఫం పరీక్ష ఉచితం, ఆశా దీదీని అడిగితే చెప్తారు.

రక్తహీనత: ఆక్సిజన్ 98 ఉంటుంది, మనిషికి మాత్రం ఆయాసం. ఆడవాళ్లలో ముందు ఇది చూడాలి.

సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు): కుటుంబంలో ఉంటే డాక్టర్‌కి ముందే చెప్పండి. వీళ్లకు ఛాతీ నొప్పి, జ్వరం, ఆయాసం కలిసి వస్తే వెంటనే ఆస్పత్రి.

గుండె: పడుకుంటే ఆయాసం, లేచి కూర్చుంటే తగ్గడం, రెండు కాళ్ల వాపు.

భయం: రాత్రి ఉన్నట్టుండి ఊపిరాడనట్టు, పెదాలు చేతులు తిమ్మిరి, ఆక్సిజన్ మాత్రం 98, 99. ఐసీయూలో గడిపినవాళ్లలో ఇది మామూలే. మిగతావన్నీ కాదని తేలాకే ఈ మాట అనుకోవాలి.

11. ఇంట్లో ఆక్సిజన్ పెట్టాల్సి వస్తే

డాక్టర్ రాసిన లీటర్లే పెట్టాలి, ఎక్కువ పెడితే త్వరగా తగ్గదు. దేవుడి దీపం, పొయ్యి, చుట్ట ఆ గదిలో ఉండకూడదు, గొట్టం దగ్గర నూనె, వాజెలిన్ వద్దు. కాన్సెంట్రేటర్ (గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషన్) కరెంటుతో నడిచేది కాబట్టి గాలివాన రోజుల కోసం నిండు సిలిండర్ ఒకటి ఉండాలి, దాని వాల్వ్ తిప్పి పెట్టడం ఇంట్లో ఇద్దరికన్నా తెలియాలి. తేమ సీసాలో మరగకాచి చల్లార్చిన నీళ్లో డిస్టిల్డ్ వాటరో పొయ్యాలి, రోజూ మార్చాలి.

12. ప్రయాణం, కార్డు, మళ్లీ పని

రాయగడ నుంచి విశాఖ రైల్లో వెళ్లేవాళ్లు ఓవర్‌బ్రిడ్జి మెట్ల గురించి ముందే ఆలోచించుకోండి, వీల్‌చైర్ అడగండి, రైలుకు అరగంట ముందే చేరండి. ఒడిశా ఆరోగ్య కార్డు ఆంధ్రాలో మీరనుకున్న ఆస్పత్రిలో, మీకు కావాల్సిన చికిత్సకు చెల్లుతుందో లేదో ఆ ఆస్పత్రి హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేసి తెలుసుకున్నాకే టికెట్ తీసుకోండి.

కూర్చుని చేసే పనికైతే 30 నిమిషాలు ఆగకుండా నడవగలిగాక వెళ్లొచ్చు, అదీ మొదటి వారం సగం పూటే. పొలం పని, మిల్లు, రాతి పని అయితే డాక్టర్ చూసి, నడక పరీక్షలో ఆక్సిజన్ పడట్లేదని తేలాక. దుమ్ములో పనిచేసేవాళ్లకు రుమాలు చాలదు, ఎన్95 మాస్కు కావాలి, అది పెట్టుకుని ఆయాసం లేకుండా పనిచెయ్యగలరో లేదో ముందు ఇంటి దగ్గరే ఒక గంట చూసుకోండి. ఫ్లూ టీకా ఏటా, న్యుమోకాకల్ టీకా ఏది ఎప్పుడు అన్నది తర్వాతి చెకప్‌లో అడగండి.